బంగారం అనలేని రోజులు

జనవరిలో ఒక పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోట్లో నిలవలేదు. ఎడమ మూల నుంచి కారి నైటీ తడిసింది. నిద్రమత్తు అనుకుని మళ్లీ పోసుకున్నాను. మళ్లీ అంతే. వాకిలి ఊడుస్తున్న అమ్మ నన్ను చూసి చీపురు పడేసింది.

"ఓ బిడ్డా, నీ మూతి ఏందే గట్ల వంకర పోయింది?"

అంతకు రెండు రోజుల ముందు నుంచీ ఎడమ చెవి వెనక నొప్పి. హైదరాబాద్ నుంచి నల్గొండకు రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను కాబట్టి చలిగాలి కొట్టిందని అమ్మ తేల్చేసింది. పక్కింటి పెద్దమ్మ పక్షవాతం అంది, పావురం రక్తం రాస్తే తగ్గుతుందని కూడా చెప్పింది. మా అన్న మాత్రం ఏమీ అనకుండా బండి తీశాడు. అప్పటికి నాలుగు నెలలుగా అన్నకూ నాకూ సరిగ్గా మాటల్లేవు.

ఎందుకో చెప్పాలి. పెళ్లయిన పదకొండేళ్లకు ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకున్నాం. అలా తీసుకోవాలంటే ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక మామూలుగా ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఏడాదిన్నరలో నేను ఒక్కసారి గొంతు పెంచలేదు. పెద్దమనుషుల ముందూ, కోర్టు వరండాలోనూ చేతులు కట్టుకుని కూర్చున్నాను. "నీ చెల్లె బంగారం, ఎంత ఓపికో" అని అందరూ అన్నకు చెప్పేవారు. పెళ్లికి పెట్టిన ఎనిమిది తులాల అసలు బంగారం మాట వచ్చినప్పుడు మాత్రం అన్న నన్ను అడక్కుండానే "పోనియ్, లొల్లి వద్దు" అని వదిలేశాడు.

తీర్పు వచ్చాక ఊపిరి పీల్చుకుంటాననుకున్నాను. వారానికల్లా కోపం మొదలైంది. సామాను తిరిగొచ్చింది. బీరువా తాళంచెవి లేకుండా వచ్చింది, ఇత్తడి బిందె సొట్టపోయి వచ్చింది. ఆ బిందెను అటకెక్కించమని అమ్మతో గొడవ, ఎక్కించాక ఎందుకు ఎక్కించావని గొడవ. రాత్రి రెండింటికి లేచి, కోర్టులో అనని మాటలన్నీ చీకట్లో అనుకునేదాన్ని. పొద్దున లేచేసరికి దవడలు నొప్పి. ఒకరోజు నాలుగో తరగతి చదివే నా బిడ్డను రబ్బరు పోగొట్టుకుందని వీపు మీద కొట్టాను. అది ఏడవలేదు. లోపలికి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది.

డాక్టర్ కనుబొమలు పైకెత్తమన్నాడు. నుదుటి మీద కుడివైపే ముడతలు పడ్డాయి. పక్షవాతమైతే మామూలుగా నుదురు కదులుతుందట, నాకు నుదురు కూడా పోయింది కాబట్టి ఇది మంచి రకమట. బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే నరం చెవి వెనక ఎముకలోని ఇరుకు దారిలో వాచి నలిగిపోతుంది. మొదటి 72 గంటల్లో స్టెరాయిడ్ మొదలుపెడితే ఎక్కువ లాభం అన్నాడు. షుగర్ లేదు. బీపీ 150/100 ఉంది.

"కోపం వల్ల వచ్చిందా సార్?" అని అడిగాను.

"కోపానికి మూతి వంకర పోతే ఊళ్లో సగం మందికి పోవాలమ్మా. ఏదో వైరస్ అయి ఉంటుంది. బీపీ సంగతి వేరే, అది చూసుకోవాలి."

నిజం చెప్పాలంటే నిరాశగా అనిపించింది. వాళ్ల వల్లే నా ముఖం ఇలా అయిందని ఒక డాక్టర్ కాగితం మీద రాసిస్తే దాన్ని ఎవరి మొహాన కొట్టాలో అప్పటికే అనుకుని పెట్టుకున్నాను.

స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నన్ని రోజులూ నిద్ర లేదు, ఆకలి మాత్రం రాక్షసంగా ఉండేది. చిరాకు రెట్టింపయింది. ఎడమ కన్ను మూసుకునేది కాదు. పగలంతా చుక్కలు, రాత్రి రెప్ప మీద ప్లాస్టర్. నాలుక ఎడమవైపు రుచి తెలియదు. కుక్కర్ విజిల్ వేస్తే చెవిలో మేకు దిగినట్టుండేది.

అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, తిట్టడానికి పెదవులు కావాలని అప్పుడే తెలిసింది. ప, బ, మ పలకాలంటే రెండు పెదవులూ కలవాలి. మనకున్న మంచి తిట్లన్నీ వాటితోనే మొదలవుతాయి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి అద్దం ముందు "పాప, బాబు, మామ" అనమని చెప్పింది. నేను "బద్మాష్" అనేదాన్ని. పూటకు ఇరవై సార్లు. "వద్మాష్" అని వచ్చేది.

ఒక రాత్రి అన్న మాత్రలు తెచ్చి టేబుల్ మీద పెడుతుంటే ఇక ఆగలేకపోయాను. "నా వంగారం ఎందుకు వదిలేసినవ్?" అని అరిచాను. నా బిడ్డ ఫక్కున నవ్వింది. "వంగారమా అమ్మా?" నాకూ సగం ముఖంతో నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్లీ అరిచాను. అన్న నవ్వలేదు. "అడగాల్సింది" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఆపేశాడు. బంగారం తిరిగి రాలేదు, రాదు కూడా. కానీ మర్నాటి నుంచి అన్నతో పోట్లాడుతున్నాను, అంటే మాట్లాడుతున్నాను.

అమావాస్యకు అమ్మ చెర్వుగట్టు శివుడి గుడికి రమ్మంది. వస్తాను గానీ మాత్రలు ఆపనని చెప్పి బయల్దేరాను. గుట్ట మీద మూడు గుండ్లు అనే పెద్ద బండల దగ్గర జనం. ఒకామె జుట్టు విరబోసుకుని పేరు పెట్టి ఎవరినో తిడుతోంది. ఎవరూ ఆమెను ఆపలేదు, పక్కనే కూర్చుని అన్నం తింటున్నారు. నాకు ఆమెను చూసి అసూయ వేసింది.

అయిదో వారంలో పెదవి చివర చిన్న కదలిక. నాకంటే ముందు నా బిడ్డే చూసింది. "బ అను, బ అను" అని వెంటపడింది. మూడు నెలలకు ముఖం చాలావరకు సర్దుకుంది. బీపీ మాత్ర నడుస్తోంది, పచ్చళ్లు తగ్గించాను, పొద్దున పానగల్ చెరువు కట్ట మీద నడుస్తున్నాను. కోపం పోయిందా అంటే లేదు. రాత్రి రెండింటికి మాత్రం లేవడం లేదు.

ఒకటి మిగిలింది. తింటుంటే ఎడమ కంట్లోంచి నీళ్లు కారుతాయి. నరం మళ్లీ పెరిగేటప్పుడు లాలాజలానికి వెళ్లాల్సిన తీగ దారి తప్పి కంటికి చేరిందట. డాక్టర్లు దీన్ని మొసలి కన్నీళ్లు అంటారని విని ఆస్పత్రిలోనే గట్టిగా నవ్వాను. పెద్దమనుషుల ముందు నేను ఒకే ఒక్కసారి కళ్లు తుడుచుకున్నప్పుడు మా అత్తగారు అన్న మాట అదే.

మొన్న అమ్మ బత్తాయి ఒలిచి ఇచ్చింది. రెండు తొనలు తిన్నానో లేదో, కన్ను కారడం మొదలైంది. అమ్మ కొంగుతో తుడిచి, "ఇంక యాది చేసుకోకు బిడ్డా" అంది. నరం వల్ల అని ఇదివరకు రెండుసార్లు చెప్పాను. ఈసారి చెప్పలేదు. ఇంకో తొన తీసుకున్నాను.