గోధుమ లేని బర్గర్, పుంటికూర తొక్కు

“మమ్మీ, నా బర్గర్‌ల అల్లమెల్లిగడ్డ వెయ్యకు.”

బడికి వేరే డబ్బా, పార్టీలకు వేరే కేకు మోసుకపోయే పిల్లగాడు ఇంట్ల అడిగేది ఇదొక్కటే, అందరు తినేటసుంటి బర్గర్. వానికి సీలియాక్, అంటే గ్లూటెన్ అనే ప్రొటీన్ ఒంటికి పడని జబ్బు. అది ఉన్నోళ్లకు గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై మూడూ జీవితాంతం బందు. అసలే వేరుగున్న పళ్లెంల ఇంకింత వేరే రుచి పెడతానని మొండికేసే తల్లి, అంటే నేనే, ముందుగాల ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. టర్కీ కోడి మాంసంతోటి చేసే బర్గర్ చప్పగుండేది మసాలా లేక కాదు, తడి లేక.

టర్కీ కీమా ప్యాకెట్ మీద శాతాలు చూడాలె. 99 శాతం కొవ్వు లేనిదంటే ఉత్త రొమ్ము మాంసం, కాలినంక రంపపు పొట్టు నమిలినట్టే. 93/7, అంటే ఏడు శాతం కొవ్వున్నది, నడుస్తది, 85/15 దొరికితే ఇంకా మేలు. ఒక పౌండు, అంటే 454 గ్రాములు, నాలుగు బర్గర్లకు సరిపోతది. మసాలా కలిపి తయారుగ అమ్మే బిళ్లలైతే వెనక రాసింది చదవకుండ కొనొద్దు, వాటిల్ల బ్రెడ్ పొడి ఉండొచ్చు.

ఆ బ్రెడ్ పొడి వేసేది ముద్ద కట్టడానికే కాదు. కాలేటప్పుడు మాంసం వదిలే నీళ్లను అది పట్టి ఉంచుతది. మనింట్ల ఆ పనికి అటుకులున్నయి. పావు కప్పు పల్చటి అటుకులను పొడి కొట్టి, మూడు పెద్ద చెంచాల పెరుగుల పది నిమిషాలు నాననిచ్చి కీమాల కలపాలె. అటుకులు లేకుంటే పుట్నాల పొడి రెండు పెద్ద చెంచాలు, అంతే పెరుగుతోటి. పుట్నాలు ముందే వేగినయి కాబట్టి పచ్చివాసన రాదు, సెనగపిండి వేస్తే వస్తది. ఇంకొక ఉపాయం పుట్టగొడుగులు. వంద గ్రాములు సన్నగ తరిగి, నీళ్లన్ని ఇగిరేదాక వేయించి, చల్లారినంక కలిపితే మాంసం రుచి పెరుగుతది, తినేటోళ్లకు కనవడది కూడా. ఉల్లిగడ్డ సగం చాలు, తురిమి గట్టిగ పిండాలె. ఆ నీళ్లు ఉంటే ముద్ద పెనం మీదనే పగులుతది.

ఉప్పు ముప్పావు చిన్న చెంచా, బిళ్లలు చేసే ముందట మాత్రమే. ఉప్పు మాంసంల ప్రొటీన్లను కరిగించి ఒకదానికొకటి అంటుకునేటట్టు చేస్తది. గంట ముందుగాల కలిపి పెడితే బర్గర్ సాసేజ్ లెక్క సాగుతది. ఎక్కువ పిసికినా గంతే.

ఇగ అల్లం సంగతి. పచ్చి అల్లంల మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమ్ ఉంటది. ముదురు మటన్‌కు అదే కావాలె. కీమాల వేసి రాత్రంతా ఫ్రిజ్జుల పెడితే మాత్రం ముద్ద పట్టు తప్పి పిండి పిండి అయితది. అంటే పిల్లగాని మాట రుచి గురించే అయినా, అండ్ల కొంత సైన్సు కూడా ఉంది. ఈ సంగతి వానికి ఇంకా చెప్పలే. చెప్తే ఇగ పప్పుల కూడా వెయ్యనియ్యడు. అల్లం లేనిదే చేతులు ఆగకుంటే నూనెల వేయించి వెయ్యాలె, వేడికి ఆ గుణం పోతది.

టర్కీ చేతికి జిగురుగ అంటుతది, చేతులు తడి చేసుకోవాలె. రెండు సెంటీమీటర్ల మందం, బన్ను కంటె కొంచెం వెడల్పు, నడుమ బొటనవేలుతోటి చిన్న గుంత. అంచులు ముందుగాల ముడుచుకుంటయి గనుక గుంత లేకుంటే నడుమ ఉబ్బి బంతి అయితది. ఇరవై నిమిషాలు ఫ్రిజ్జుల పెట్టి, ఇనుప పెనం మీద మధ్య మంటల ఒక దిక్కు ఐదు నిమిషాలు, రెండో దిక్కు నాలుగైదు. గరిటెతోటి అదుమొద్దు, చుయ్యిమన్న చప్పుడు బాగుంటది గని పోయేది రసమే. రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేం. నడిమిట్లకు థర్మామీటర్ గుచ్చితే 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్, రావాలె. వచ్చినంక ఇంకో నిమిషం కూడా ఉంచొద్దు.

ఇంతదాక చేసింది పిల్లగాని బర్గర్. ఉప్పు, మిరియాలు, అంతే. మన రుచిని లోపట కాదు, పైన పెట్టాలె, అప్పుడు ఎవరికి కావాల్సినంత వాళ్లు వేసుకుంటరు. అమెరికాల టర్కీ పక్కన క్రాన్‌బెర్రీ ఎందుకు పెడతరు? చప్పటి మాంసానికి పులుపు కావాలని. ఆ పని పుంటికూర ఇంకా బాగ చేస్తది. రెండు కప్పుల ఆకు, నాలుగు పచ్చిమిరపకాయలు, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు ఒక చెంచా నూనెల మెత్తగ మగ్గబెట్టి, వేయించిన నువ్వుల పొడి ఒక పెద్ద చెంచా, ఉప్పు వేసి నూరాలె. మూడు చెంచాల మయొనైజ్‌ల ఒక చెంచా తొక్కు కలిపితే పిల్లలకు, ఉత్త తొక్కే పెద్దోళ్లకు. కొన్న పచ్చడైతే ఇంగువ చూడాలె. డబ్బాల అమ్మే ఇంగువ పొడిల గోధుమపిండి కలిపేది మామూలే. సోయా సాస్‌ల గోధుమ, మాల్ట్ వెనిగర్‌ల బార్లీ. అమెరికాల తిండి, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2013ల పెట్టిన నిబంధన ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే పది లక్షల పాళ్లల్ల గ్లూటెన్ 20 పాళ్ల కంటె తక్కువ ఉండాలె.

కారం కోసం చపాట మిర్చి. టమాట లెక్క గుండ్రంగ, ఎర్రటి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. వరంగల్ చపాటకు 2025ల జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఇంటి నుంచి తెచ్చిన పొడి ఉంటే అర చెంచా కరిగిన వెన్నల కలిపి, దించే ముందు ఒక నిమిషం ఉందనంగ బర్గర్ మీద పూయాలె. మొదట్నే పూస్తే మాడి చేదెక్కుతది. (అల్లం ఒద్దన్న పిల్లగానికి ఈ ఎరుపు కనిపిస్తది గని అడగడు. నేనూ చెప్ప.)

బన్ను దగ్గరనే అందరం ఓడిపోతం. గ్లూటెన్ లేని బన్ను చల్లగ ఉంటే పొడి పొడి రాలుతది, అండ్ల పిండిపదార్థం చల్లారితే గట్టిపడతది గనుక. వెన్న రాసి కోసిన దిక్కు పెనం మీద కాల్చి, వెంటనే తినాలె. ఇంటోళ్లు మామూలు బ్రెడ్ కాల్చుకునే టోస్టర్‌ల మాత్రం పెట్టొద్దు. చపాతీ పీట, కర్ర కూడా వద్దు, కట్టె గీతలల్ల పిండి ఉండిపోతది. జొన్న రొట్టె మడతపెట్టి తినొచ్చు, వేడి మీదైతేనే. ఆలస్యమైతే మడత కాడ విరుగుతది. జొన్నల్ల గ్లూటెన్ లేకపోయినా పిండి ప్యాకెట్ మీద ఆ మాట ఉన్నదే తీసుకోవాలె, ఒకే మరల గోధుమ కూడా పట్టే అవకాశముంది.

సర్వపిండి మీదనే నా ఆశ. ఒక కప్పు బియ్యపు పిండి, గంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, నువ్వులు ఒక చెంచా, కచ్చాపచ్చాగ దంచిన పల్లీలు రెండు చెంచాలు, కరివేపాకు, ఉప్పు, వేడి నీళ్లు ముప్పావు కప్పు దాక. నూనె రాసిన గిన్నెల పల్చగ ఒత్తి, వేలితోటి బొక్కలు చేసి అండ్ల నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు. కింద ఒకటి, పైన ఒకటి పెడితే నడవది. కరకరలాడే పిండిని కొరికే లోపల బర్గర్ వెనక నుంచి జారిపోతది. కింద ఒక్కటే పెట్టి, పైన మాంసం, పుంటికూర, నిమ్మరసంల నానిన ఉల్లిగడ్డ. చేతితోటి తినొచ్చు.

ఇది మా పిల్లగానికి నచ్చుతదా? ఒక్కోసారి సర్వపిండి వేరుగ, బర్గర్ వేరుగ తింటడు. రెండూ తిన్నట్టే లెక్క అనుకుంటా, అట్ల అనుకునుడు సరైందో కాదో తెల్వది. వాని కోసం చేస్తున్ననా, నా కోసం చేస్తున్ననా అన్నది కూడా. దోస్తులు ఇంటికొచ్చిన రోజు సర్వపిండి పెట్టాల్నా, వద్దా అన్నది మా ఇద్దరి నడుమ తేలలే. అప్పటిదాక ఫ్రీజర్‌ల ఒక ప్యాకెట్ కొన్న బన్నులు ఎప్పుడూ ఉంచుతున్న.