ఐదు నుంచి మూడుకు: టెక్సస్ తీరంలో ఒక చేపల నిబంధన మారిన తీరు

టెక్సస్ తీరంలో గాలం వేసేవారిలో ఎక్కువమంది వెంటపడేది స్పెకిల్డ్ ట్రౌట్ అనే చేప కోసమే. దాన్ని మనిషికి రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చు, ఎంత పొడవున్నవి ఉంచుకోవచ్చు అన్న నిబంధన 2024లో మారింది. అంతకుముందు రోజుకు ఐదు చేపలు, 15 నుంచి 25 అంగుళాల మధ్య పొడవు ఉన్నవి ఇంటికి తెచ్చుకోవచ్చు; ఆ ఐదింటిలో ఒక్కటి మాత్రం 25 అంగుళాలు దాటి ఉండవచ్చు. ఇప్పుడు మూడే చేపలు, 15 నుంచి 20 అంగుళాల మధ్యవి. ప్రతిపాదన వెలువడింది మొదలు అమలులోకి వచ్చేవరకు ఈ మార్పును నేను దగ్గరగా గమనిస్తూ వచ్చాను, నా అభిప్రాయం రాసి పంపాను, నిర్ణయం తీసుకున్న సమావేశానికి ఆస్టిన్ వెళ్ళి కూర్చున్నాను. హ్యూస్టన్ చుట్టుపక్కల సరదాగా గాలం వేసే తెలుగువారు చాలామందే ఉన్నారు కానీ, ఈ నిబంధనలు ఎక్కడ పుడతాయో, మనం చెప్పే మాటకు అందులో చోటు ఎక్కడుందో తెలిసినవారు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

కథ 2021 ఫిబ్రవరి మంచు తుఫానుతో మొదలైంది. కరెంటు పోయి మనం ఇళ్ళలో వణికిన ఆ రోజుల్లోనే తీరంలోని లోతు తక్కువ నీళ్ళు గడ్డకట్టేంతగా చల్లబడ్డాయి. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ అంచనా ప్రకారం తీరం పొడవునా కనీసం 38 లక్షల చేపలు చనిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం ఎవరూ గాలానికి కోరుకోని చిన్న జాతులవి. స్పెకిల్డ్ ట్రౌట్ సుమారు 1,60,000 పోయాయి. దెబ్బ ఎక్కువగా తగిలింది దక్షిణాన ఉన్న లగూనా మాద్రే అనే ఉప్పునీటి సరస్సుకు. 1983లో ఇలాంటి చలికే కోటీ నలభై లక్షల చేపలు పోయాయని లెక్క ఉంది కనుక, ఈ తీరానికి ఇది కొత్త ఆపద కాదు. తుఫాను తరువాత శాఖ ముందుగా లగూనా మాద్రేలో అత్యవసర నిబంధన పెట్టింది. ఈ రాష్ట్రంలో అత్యవసర నిబంధనకు ఆయుష్షు 120 రోజులే. ఒకసారి మరో 60 రోజులు పొడిగించవచ్చు, అంతకు మించి కుదరదు. అది తీరిపోయాక, 2022లో మధ్య తీరాన్ని కూడా కలుపుకొని మూడు చేపలు, 17 నుంచి 23 అంగుళాలు అన్న తాత్కాలిక నిబంధన తెచ్చారు. దాని గడువు 2023 ఆగస్టు 31తో ముగిసింది, మరునాటి నుంచి అక్కడ కూడా మళ్ళీ ఐదు చేపలే.

మేము గాలం వేసేది ఉత్తర తీరంలోని గాల్వెస్టన్ బే అనే అఖాతంలో. పై తాత్కాలిక నిబంధన ఏదీ మా వైపుకు రాలేదు కాబట్టి ఆ రెండేళ్ళూ మాకు దాని బాధ తెలియదు. 2023 చివర్లో వచ్చిన ప్రతిపాదన మాత్రం తీరం మొత్తానికి, శాశ్వతంగా. బోటు మా తోడల్లుడిది, వార్త ముందు చదివిందీ అతనే. "అన్నయ్యా, చలి దెబ్బ తిన్నది కింద లగూనా మాద్రే, శిక్ష మనకా?" అన్నాడు. ప్రశ్న సబబైనదే. దానికి జవాబు వెతికే పనిలోనే నేను ఈ వ్యవహారంలోకి దిగాను.

ఇక్కడ నిబంధన మారాలంటే ఉన్న దారి ఇది. శాఖలోని కోస్టల్ ఫిషరీస్ జీవశాస్త్రవేత్తలు ప్రతిపాదన తయారుచేస్తారు. గవర్నర్ నియమించే తొమ్మిదిమంది సభ్యుల కమిషన్ దాన్ని ప్రకటించడానికి అనుమతి ఇస్తుంది. ఆ తరువాత అది ప్రతి శుక్రవారం వెలువడే రాష్ట్ర ప్రభుత్వ పత్రిక టెక్సస్ రిజిస్టర్‌లో అచ్చవుతుంది. అచ్చయిన నాటి నుంచి కనీసం 30 రోజుల వ్యవధి ఇచ్చిన తరువాతే కమిషన్ దాన్ని ఆమోదించగలదు. ఈ వ్యవధిలో ఎవరైనా, లైసెన్స్ ఉన్నా లేకపోయినా, అభిప్రాయం పంపవచ్చు. రిజిస్టర్‌లోని పాఠం చదవడం కష్టమనుకుని చాలామంది దాన్ని ముట్టుకోరు, శాఖ పెట్టే సంక్షిప్త ప్రకటనతో సరిపెట్టుకుంటారు. అసలు సరుకు మాత్రం ముందుమాటలోనే ఉంటుంది: ఎందుకు మారుస్తున్నారు, ఏ లెక్కల మీద మారుస్తున్నారు, ఎవరికి ఖర్చు పడుతుంది. నేను ఓపిక పట్టి అదంతా చదివాను. నిబంధన వాక్యాలు పొడిగా ఉంటాయి గానీ, ముందుమాట మామూలు మనిషికి అర్థమయ్యేలాగే ఉంటుంది.

ఆ లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయన్నది నాకు బాగా ఆసక్తి కలిగించిన భాగం. 1970ల మధ్య నుంచి శాఖవారు ప్రతి వసంతంలోనూ, ప్రతి శరదృతువులోనూ తీరంలోని బేలలో ఒకే కొలతల గిల్ నెట్లు (చేపలు మొప్పల దగ్గర చిక్కుకునే వలలు) రాత్రంతా వేసి ఉంచి, తెల్లవారాక తీసి, పడిన ప్రతి చేపనూ జాతివారీగా కొలిచి రాసుకుంటున్నారు. వల పొడవు 600 అడుగులు. అందులో వలకన్ను సైజు మారుతూ నాలుగు భాగాలుంటాయి, కనుక చిన్నవీ పెద్దవీ కూడా చిక్కుతాయి. చేపలు ఎక్కడ పడతాయో తెలిసి వేసే వల కాదది. చోటును లాటరీ పద్ధతిలో ఎంచుకుంటారు. అలా కాకుండా మంచి చోటే చూసి వేస్తే, ఆ లెక్క తీరం గురించి ఏమీ చెప్పదు. రెండో లెక్క మన దగ్గరి నుంచే తీసుకుంటారు. బోట్ ర్యాంప్ దగ్గర చేతిలో కొలబద్దతో నిలబడి, ఎన్ని గంటలు వేశారు, ఎక్కడ వేశారు, ఏ చేప కోసం వెళ్ళారు అని అడిగి, ఐస్ బాక్స్ తెరిపించి చేపలను కొలిచే యువతీయువకులను మీరూ చూసే ఉంటారు. వారిని నిబంధనలు తనిఖీ చేసే వార్డెన్లనుకుని మొహం చాటేసేవారున్నారు. వారు జరిమానా వేయరు, లెక్క రాసుకుని వెళ్ళిపోతారు. మన వేళ్ళ మధ్య నుంచి ఆ రోజు జారిపోయిన చేపలు తప్ప, ఇంటికి తెచ్చినవన్నీ ఆ కాగితంలోకి ఎక్కుతాయి.

ఈ ర్యాంప్ లెక్క వల్లనే ఒక ముఖ్యమైన సంగతి బోధపడుతుంది. ఐదును మూడు చేస్తే పట్టుబడి నలభై శాతం తగ్గుతుందని పైకి అనిపిస్తుంది, కానీ అలా తగ్గదు. ఎందుకంటే గాలం వేసినవారిలో ఎక్కువమందికి ఐదు చేపలు ఎప్పుడూ పడవు. ఊహకు పదిమందిని తీసుకుందాం. ఏడుగురికి తలా రెండు, ముగ్గురికి తలా ఐదు పడ్డాయనుకుంటే మొత్తం ఇరవై తొమ్మిది. పరిమితి మూడైతే ఆ ఏడుగురికి ఏ మార్పూ లేదు, ముగ్గురు మాత్రం మూడు దగ్గర ఆగుతారు, మొత్తం ఇరవై మూడు. తగ్గింది ఐదో వంతు మాత్రమే, అదీ బాగా వేయడం వచ్చిన ముగ్గురి నుంచి. మా తోడల్లుడు ఆ ముగ్గురిలో ఒకడు కాబట్టి అతనికి మండింది. నేను ఏడుగురిలో ఒకణ్ణి కాబట్టి నాకు అంతగా అనిపించలేదు. సమావేశంలో ఎవరు ఏ పక్షం మాట్లాడారో చూసినప్పుడు కూడా ఈ గీత నాకు చాలాసార్లు కనిపించింది.

అసలు బలం పొడవు నిబంధనలో ఉంది. ఈ జాతిలో ఆడవి మగవాటికన్నా పెద్దగా పెరుగుతాయి, 25 అంగుళాలు దాటినవి దాదాపు అన్నీ ఆడవే. వసంతం నుంచి వేసవి చివరిదాకా విడతలు విడతలుగా గుడ్లు పెడతాయి, తల్లి ఎంత పెద్దదైతే విడతకు అన్ని ఎక్కువ గుడ్లు. పై హద్దును 25 నుంచి 20కి దించితే, 15కు చేరి గాలానికి దొరికే కాలాన్ని దాటుకుని 20 దాటిన ప్రతి ఆడ చేపకూ ఆపైన రక్షణ ఉన్నట్టే. చలి దెబ్బ తరువాత తీరానికి కావలసింది గుడ్లు. వాటిని పెట్టేది ఆ 20, 25 మధ్య చేపలు. తీరం మొత్తానికి ఎందుకన్న తోడల్లుడి ప్రశ్నకు కూడా ఇక్కడ కొంత జవాబు దొరికింది. మంచి తల్లి చేపలను కాపాడుకోవడం చలి తగిలిన చోటికే పరిమితమైన అవసరం కాదు, మళ్ళీ చలి ఎక్కడ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా 2019కి ముందు ఉత్తరాన పది, దక్షిణాన ఐదు అని రెండు పరిమితులుండేవి. ఏ గీత దాటితే ఏ లెక్కో తెలియక జనమూ తికమకపడేవారు, వార్డెన్లకూ ఇబ్బందే. జవాబు పూర్తిగా సంతృప్తికరమని నేను అనను, ఉత్తరాదికి చలి నష్టం తక్కువన్న మాట నిజమే కదా.

అభిప్రాయం రాయడానికి కూర్చున్నప్పుడు నాకు తట్టిన ఆందోళన వదిలేసే చేపల గురించి. హద్దు ఇరుకైనకొద్దీ గాలం నుంచి తీసి నీళ్ళలోకి వదలవలసిన చేపలు పెరుగుతాయి, వదిలినవన్నీ బతకవు. గొంతులోకి దిగిన గాలాన్ని లాగితే, పొడి చేతులతో పట్టుకుని వంటి జిగురు తుడిచేస్తే, ఎండలో ఫొటో కోసం పట్టుకుని నిలబడితే, అది ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపించినా తరువాత చావవచ్చు. ఆగస్టు నెల వేడి నీళ్ళలో మరీనూ. అందుకే మునుపటి తాత్కాలిక నిబంధనలోలాగా కింది హద్దును 17 చేయకుండా 15 దగ్గరే ఉంచడం సరైనదని రాశాను. 15, 17 మధ్య చేపలు బేలో చాలా ఉంటాయి. వాటిని ఉంచుకోనిస్తే మూడూ తొందరగా పూర్తయి మనిషి ఇంటికి పోతాడు, ఉంచుకోనివ్వకపోతే పది చేపలను గుచ్చి వదిలి మూడింటి కోసం సాయంత్రందాకా కూర్చుంటాడు. రెండోది, పెద్ద చేప గురించి. ప్రతిపాదనలో 30 అంగుళాలు దాటిన ఒక చేపకు వీలుంది. జీవితంలో ఒకసారి దొరికే చేపకు రోజువారీ వీలు ఎందుకు, ఈ తీరంలోనే దొరికే మరో చేప రెడ్ డ్రమ్‌కు లైసెన్స్‌తో పాటు టాగ్ (చేపకు కట్టే చీటీ) ఇస్తున్నట్టే దీనికీ ఏడాదికి ఒక టాగ్ ఇవ్వండి అని కోరాను. రెడ్ డ్రమ్‌లో 20 నుంచి 28 అంగుళాల హద్దు దాటిన చేపకు ఆ పద్ధతి ఎప్పటి నుంచో నడుస్తోంది, జనం అలవాటుపడ్డారు.

తోడల్లుడు వ్యతిరేకంగా రాశాడు. ఉత్తర తీరాన్ని విడిగా చూడాలని, కనీసం నాలుగు చేపలైనా ఉంచాలని అతని వాదన. ఒకే బోటులో తిరిగే ఇద్దరం ఎదురెదురు అభిప్రాయాలు పంపామని మా ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

కమిషన్ సమావేశం జనవరి చివర్లో ఆస్టిన్‌లోని శాఖ ప్రధాన కార్యాలయంలో జరిగింది. మొదటి రోజు వర్క్ సెషన్‌లో అధికారులు కమిషన్‌కు వివరిస్తారు. జనం మాట్లాడేది రెండో రోజు. పేరు నమోదు చేసుకున్నవారికి తలా కొన్ని నిమిషాలే ఇస్తారు, దీపం ఎర్రబడగానే ఆపాలి. నేను మాట్లాడలేదు, రాసినది చాలనుకున్నాను. చేపల వేట గైడ్లలో మూడు చేపలకు ఖాతాదారు డబ్బిచ్చి రాడని వాపోయినవారూ ఉన్నారు, తమ బోటులో ఏళ్ళుగా మూడు దగ్గరే ఆపుతున్నామని చెప్పినవారూ ఉన్నారు. ఒక పెద్దాయన 1981లో రెడ్ డ్రమ్, ట్రౌట్‌లను వ్యాపార వేట నుంచి తప్పించిన చట్టం గురించి గుర్తుచేసి, అప్పుడూ ఇంతే గొడవ జరిగింది, ఇప్పుడు రెడ్ డ్రమ్ ఎలా ఉందో చూడండని కూర్చున్నాడు. లెక్కతో మాట్లాడినవారి తరువాత కమిషన్ సభ్యులు అధికారులను ప్రశ్నలు అడిగారు. కోపంతో మాట్లాడినవారి తరువాత ధన్యవాదాలు చెప్పి తరువాతి పేరు పిలిచారు. ఇది నేను అక్కడ స్పష్టంగా చూసిన తేడా. ప్రతిపాదన ఆమోదం పొందింది, మార్చిలో అమలులోకి వచ్చింది.

ఆమోదించిన పాఠం మళ్ళీ టెక్సస్ రిజిస్టర్‌లో వచ్చినప్పుడు, అభిప్రాయం రాసిన ప్రతివారూ అది చదవాలి. వచ్చిన అభిప్రాయాలను క్లుప్తంగా చెప్పి, తాము ఎందుకు ఏకీభవించలేదో కారణం చూపవలసిన బాధ్యతను చట్టం శాఖ మీద పెట్టింది. పేర్లు ఉండవు. ఒక వ్యాఖ్యాత ఇలా అన్నారు, శాఖ దానితో విభేదిస్తోంది, ఎందుకంటే ఇది, ఆ వ్యాఖ్య వల్ల మార్పేమీ చేయలేదు అన్న వరుసలో పేజీలకు పేజీలు సాగుతుంది. పొడిగా ఉన్నా నాకు అది గౌరవంగానే తోచింది. "నాకు ఇష్టం లేదు" అని మాత్రమే రాసినవారి మాట అక్కడ ఒక అంకెగా మిగులుతుంది; కారణం రాసినవారి మాటకు కారణంతోనే జవాబు ఇవ్వవలసి వస్తుంది. పెద్ద చేప విషయంలో తరువాత టాగ్ పద్ధతే వచ్చింది: 28 అంగుళాలు దాటినదాన్ని టాగ్ కట్టి ఉంచుకోవచ్చు. అది నా ఉత్తరం ఘనత అని చెప్పుకోను, ఆ మాట అడిగినవారు చాలామందే ఉన్నారు.

అమలులో మా బోటుకు వచ్చిన మార్పు కొలతలో ఉంది. ఇంతకుముందు 15 దాటిందా లేదా అన్నదొక్కటే చూసేవాళ్ళం. ఇప్పుడు 20 దగ్గర కూడా అంతే జాగ్రత్త కావాలి. చేపను పక్కకు పడుకోబెట్టి, నోరు మూసి, ముక్కు చివరను కొలబద్ద అడ్డుపలకకు ఆనించి, తోక రెండు కొసలను దగ్గరికి నొక్కి, అది ఎంత పొడవు చూపించగలదో అంతా చూడాలి. తోక నొక్కకుండా కొలిస్తే 20 లోపు అనిపించిన చేప, నొక్కాక గీత దాటుతుంది. వార్డెన్ నొక్కే కొలుస్తాడు. అందుకని కొలబద్దను ముందే తడిపి ఉంచుకుంటున్నాం. గీతకు అటూఇటూగా ఉన్నదాన్ని వాదించుకోకుండా వదిలేస్తున్నాం.

తోడల్లుడికి తన అభ్యంతరానికి శాఖ ఇచ్చిన జవాబు నచ్చలేదు. గిల్ నెట్ సర్వేలో ఉత్తర బేల అంకెలు ఇంకొన్నేళ్ళు చూసి, తనదే సరి అనిపిస్తే నిబంధన సడలించమని అర్జీ పెడతానంటున్నాడు. అర్జీ పెట్టే హక్కు కూడా ఇక్కడి చట్టంలో ఉంది. ఆ అంకెలు ఎక్కడ దొరుకుతాయో వెతికి పెట్టే పని మాత్రం నాకు అప్పగించాడు.