నూట యాభై మీటర్ల లెక్క

జూన్‌లో స్కాట్లాండ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు, వారంలో అయిదు శిఖరాలు ఎక్కాలని ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం. ఎక్కినవి మూడు. అందులో ఒకటి మన్రో కూడా కాదు.

3,000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన కొండలను అక్కడ మన్రోలంటారు. 1891లో తొలి జాబితా కూర్చిన సర్ హ్యూ మన్రో పేరే వాటికి నిలిచిపోయింది. ఇప్పుడు జాబితాలో 282 ఉన్నాయి. అన్నీ ఎక్కడం కోసం ఏళ్ల తరబడి సెలవులన్నీ ధారపోసేవాళ్లున్నారని తమ్ముడు చెబితే నవ్వాను. వాడూ లెక్క రాసుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

మొదటిరోజు బెన్ లొమండ్, 974 మీటర్లు. దారి చక్కగా ఉంది, ఎక్కడం తేలికే. దిగేటప్పుడు మోకాళ్లు మొరాయించాయి. నడక కర్రలు ముసలివాళ్లకని వెక్కిరించినందుకు వాడి దగ్గరే ఒకటి అడిగి తీసుకున్నాను.

రెండోరోజు గ్లెన్ కో దగ్గర బుకాయిల్ ఎటివ్ మోర్. పైభాగమంతా కాలు పెడితే జారే రాళ్ల వాలు. రెండు శిఖరాల నడుమ పల్లంగా ఉండే మెడవంపు ఇంకో రెండు వందల మీటర్ల ఎత్తులో ఉందనగా గాలి మొదలైంది. కర్ర ఎత్తితే పక్కకు కొట్టుకుపోతోంది. "ఇక చాలు, దిగుదాం అక్కా" అన్నాడు. నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు, పొద్దున్నే వాతావరణ సూచనలో గాలి సంగతి చదివి కూడా బయలుదేరిన మా ఇద్దరి మీద. మర్నాడంతా వాన. ఆ తర్వాతిరోజు 742 మీటర్ల పాప్ ఆఫ్ గ్లెన్ కో ఎక్కి మనసు సరిపెట్టుకున్నాం.

చివరికి బెన్ నెవిస్. 1,345 మీటర్లు, బ్రిటన్‌లోకెల్లా ఎత్తు. నడక దాదాపు సముద్రమట్టం నుంచే మొదలవుతుంది కనుక ఆ ఎత్తంతా కాళ్లే మోయాలి. అయిదు కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎత్తుకు మరో గంట చొప్పున వేసుకోమని 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ప్రకారం పైకి నాలుగు గంటల్లోపే చేరాలి. మాకు అయిదున్నర పట్టింది. నైస్మిత్ ఫొటోల కోసం ఆగేవాడు కాడేమో.

పైన పది అడుగుల అవతల ఏమీ కనిపించని మబ్బు. 1883 నుంచి 1904 దాకా మనుషులు ఏడాది పొడవునా కాపురముండి వాతావరణాన్ని నమోదుచేసిన కేంద్రం శిథిలాలు మాత్రం తడిసి నల్లగా కనిపించాయి. జూన్‌లోనూ అంచున మాసిన మంచు. ఆ అంచు కిందే ఉత్తరపు కొండచరియ.

మబ్బులో దిగే లెక్క ఆ కొండకు ప్రత్యేకంగా ఉంది. శిఖరపు కొలతస్తంభం నుంచి 231 డిగ్రీల దిక్కున 150 మీటర్లు, అక్కడి నుంచి 282 డిగ్రీలు. మొదటిది తప్పితే కుడివైపు గార్డీలూ అనే అగాధం, రెండోది తప్పితే ఎడమవైపు ఇంకొకటి. తమ్ముడు దిక్సూచి పట్టుకున్నాడు, అడుగులు లెక్కపెట్టే పని నాది. ముందురోజు సాయంత్రమే చదును దారిలో కొలుచుకున్నాను. ఎడమకాలు ఆనినప్పుడే లెక్కిస్తే వంద మీటర్లకు 68 వచ్చింది. 150కి 102. రాళ్ల మీద అడుగు కురచవుతుంది కాబట్టి 110 అనుకున్నాం.

అరవై దాటాక వాడు "ఎంత అయింది అక్కా?" అన్నాడు. జవాబు చెబితే లెక్క తప్పుతానని చెయ్యి మాత్రం ఊపాను. కుడిపక్క గాలి కింది నుంచి పైకి వీస్తోంది. నేల లేని చోట గాలి అలాగే వస్తుందని అప్పుడే అర్థమైంది. 94, 95. మెడ తిప్పి చూడబుద్ధి కాలేదు. 108 దగ్గర రాళ్లు పేర్చిన గుట్ట ఒకటి, నడుమెత్తున, మబ్బులోంచి ఊడిపడ్డట్టు కనిపించింది. దాని మీద చెయ్యి ఆనించి నిలబడి "నూట ఎనిమిది" అని గట్టిగా అన్నాను.

దిక్సూచి 282కి తిప్పాం. మెలికల దారి దొరికాక మాటలు మొదలయ్యాయి. కారు దగ్గరికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఇంకా వెలుతురుంది. గాలి ఆగడంతో మిడ్జ్ అనే నుసుములు మేఘంలా కమ్మాయి. బూట్లు విప్పకుండానే కారెక్కి తలుపులు వేసుకున్నాం.

మర్నాడు వాడి ఇంటి మెట్లు వెనక్కి తిరిగి దిగాను.