ఆగస్టు 24 వాన ఏ తేదీన పడింది? – నా అనుభవం

ప్రాంతీయ క్లైమేట్ మోడళ్లు (ఒక ప్రాంతపు వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రోగ్రాములు) మన దక్కన్ కుండపోత వానలను ఎంతవరకు పట్టుకోగలుగుతున్నాయన్నది నా పరిశోధనాంశం. తిరస్కరణకు గురైన అధ్యాయాన్ని మళ్లీ రాసి ఇచ్చాక కమిటీ పోయిన వారమే ఆమోదించింది కనుక, పడిన అవస్థ మరుపున పడకముందే రాసిపెడుతున్నాను.

కార్డెక్స్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు కింద దక్షిణాసియాకు నడిపిన ఇలాంటి మోడళ్ల ఫైళ్లు దించుకోవడం, చదరపు మీటరుకు సెకనుకు కిలోగ్రాముల్లో ఉన్న వాన అంకెలను 86,400తో హెచ్చవేసి రోజుకు మిల్లీమీటర్లుగా మార్చుకోవడం కొద్ది రోజుల పని. ఆ కాలపు నిజమైన గాలి, తేమ వివరాలను ఎరా-ఇంటెరిమ్ అనే గత వాతావరణ రికార్డు ద్వారా ప్రాంతపు అంచుల నుంచి అందుకుంటూ నడిచిన రన్‌ను ఎంచుకున్నాను. గ్లోబల్ మోడల్ అంచులతో నడిచిన రన్‌లోని రోజులు నిజమైన తేదీలతో సరిపోలవు కనుక, అందులో ఫలానా తేదీ వాన కోసం వెతకకూడదని నాకు ముందే తెలుసు.

కమిటీకి నేను చూపిన మొదటి పటం 2000 ఆగస్టు 24ది. ఆ రోజు హైదరాబాద్ బేగంపేటలో 24 గంటల వర్షపాతం 241.5 మిల్లీమీటర్లుగా నమోదైంది. భారత వాతావరణ శాఖ (ఐఎండీ) లెక్కలో 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అది అత్యంత భారీ వర్షం. మోడల్‌లో ఆ తేదీన హైదరాబాద్ మీద చెప్పుకోదగ్గ వాన లేకపోవడంతో, మోడల్ ఈ ఘటనను పూర్తిగా జారవిడిచిందని ధీమాగా రాశాను. కమిటీలో ఒకరు “మీ రోజు ఎన్నింటికి మొదలవుతుంది?” అని అడిగారు. అర్ధరాత్రి అన్నాను. “ఎవరి అర్ధరాత్రి?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. జూనియర్లందరి ముందు ఆయన ఫైలు మూసి పక్కన పెట్టారు. ప్రశ్న సరైనదే, కాదనను. కానీ తెలిసిన సంగతిని ఒక్క వాక్యంలో చెప్పగలిగి కూడా విద్యార్థిని అలా నిలబెట్టి పంపడం అధ్యాపక ధర్మం కాదని ఇప్పటికీ అంటాను.

అసలు కొలతల రిజిస్టర్ చూద్దామని ఒక కార్యాలయం చుట్టూ రెండు వారాలు తిరిగాను. ఉత్తరం మీద సంతకం కావాలన్నారు, తెస్తే ముద్ర లేదన్నారు. చివరికి వర్షమాపకం దగ్గర పనిచేసే పెద్దాయన నా మీద జాలిపడి, ఎనిమిదిన్నరకు సీసాలోని నీటిని కొలగ్లాసులోకి వంచి, గీత దగ్గర కన్ను ఆనించి చూసి, అంకెను ఆ రోజు తేదీ కిందే రాశారు. “నిన్న పొద్దుటి నుంచి పడ్డ వానే గదా బాబూ, కొలిచింది ఇయ్యాల కాబట్టి ఇయ్యాల్టి తేదీ ఏస్తం” అన్నారు.

చిక్కుముడి అక్కడే విడిపోయింది. ఐఎండీ 24వ తేదీ వాన అంటే 23 ఉదయం 8.30 నుంచి 24 ఉదయం 8.30 వరకు పడినది. మోడల్ రోజు గ్రీనిచ్ అర్ధరాత్రికి, అంటే మన ఉదయం 5.30కి మొదలవుతుంది. కనుక బేగంపేట కొలతలోని 24 గంటల్లో 21 గంటలు మోడల్ 23వ తేదీ ఫైల్లో ఉంటాయి. అక్కడ చూస్తే వాన ఉంది, తక్కువే అయినా ఉంది. రోజువారీ ఫైళ్లను ఒక రోజు జరిపి సరిపెట్టుకోకుండా, బరువైనా సరే, మూడు గంటల ఫైళ్లు తెచ్చుకుని 8.30 నుంచి 8.30 వరకు కూడండి. ఫైల్లో సమయం 12.00 అని కనిపిస్తే నమ్మవద్దు, అది రోజు నడిమి గుర్తు మాత్రమే కావచ్చు; రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పే టైమ్ బౌండ్స్ తెరిచి చూడండి.

ఇక వైశాల్యం సంగతి. మోడల్ నేలను గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒకే అంకె ఇస్తుంది; 25 కిలోమీటర్ల గడి అంటే 625 చదరపు కిలోమీటర్ల సగటు. వర్షమాపకం మూతి పళ్లెమంత కూడా ఉండదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో నమోదైన 649.8 మిల్లీమీటర్లను గడి సగటులో వెతకడం అన్యాయం. అందుకే ఐఎండీ పావు డిగ్రీ గళ్ల లెక్కతోనే పోల్చాను.

ఇవన్నీ సరిదిద్దాక కూడా మోడల్ లోపం మిగిలే ఉంది. చిరుజల్లుల రోజులు మరీ ఎక్కువ, కుండపోతలు తక్కువ. ఇంత పెద్ద గడిలో క్యుములోనింబస్ (ఉరుముల వాన కురిపించే) మేఘం విడిగా కనిపించదు కనుక దాని పనిని సూత్రాలతో అంచనా కడతారు; ఆ సూత్రాలు వానను మధ్యాహ్నానికే కురిపించేస్తాయి, మన ఉరుముల వాన సాయంత్రం, రాత్రి దంచుతుంది. 23 రాత్రి బేగంపేట వానను 3 కిలోమీటర్ల గళ్లలో మళ్లీ నడిపించడానికి సూపర్ కంప్యూటర్ సమయం కోరుతూ దరఖాస్తు పెట్టాను. రోజు ఉదయం 8.30కి మొదలవుతుందని అందులో మొదటి పంక్తిలోనే రాశాను.