పాప గుండె నిమిషానికి 47 సార్లే కొట్టుకుంటోందన్నారు

నిన్ననే చివరి రిపోర్టు చేతికొచ్చింది. పాప గుండెకు ఏ జబ్బూ లేదు. ఆ మాట డాక్టరు గారి నోట విన్నాక గానీ నాకు ఊపిరి సరిగ్గా ఆడలేదు. ఇదే టెన్షన్‌లో ఇంకో తల్లో తండ్రో ఉంటారు కదా అని, అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

పాపకు 12 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ఈతంటే ప్రాణం. మనిషి సన్నగా ఉంటుంది, అచ్చం మా ఆయన పోలిక. పోటీలకు పంపాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలని స్కూల్లో అడిగితే మా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. సంతకం పెట్టించుకుని వచ్చేద్దామనే వెళ్లాం. సిస్టర్ పాప వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించింది. ఆక్సిజన్ 98, కింద పల్స్ 47. తీసి, తుడిచి, ఇంకో వేలికి పెట్టింది. 46. చేతులు చల్లగా ఉంటే ఒక్కోసారి తప్పు చూపిస్తుందని అరచేతులు రెండూ రుద్ది మళ్లీ పెట్టింది. 48. అప్పుడు డాక్టరు గారే స్టెతస్కోపు పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టారు.

"మిషన్ తప్పేం కాదమ్మా, నిజంగానే తక్కువుంది" అన్నారు.

ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయిందా, ఆడుతున్నప్పుడు ఛాతీలో నొప్పి వచ్చిందా, తోటి పిల్లల కంటే ముందే అలిసిపోతుందా అని అడిగారు. అన్నిటికీ లేదనే చెప్పాం. ఈసీజీ తీయించి పిల్లల గుండె డాక్టరుకు చూపించమని చీటీ రాశారు. కంగారు పడొద్దని కూడా అన్నారు గానీ, ఆ మాట నా చెవికెక్కితే కదా.

ఇంటికొచ్చి చూస్తే, డాక్టర్లు వాడే ఒక పట్టికలో బడి వయసు పిల్లలకు మెలకువగా ఉన్నప్పుడు 75 నుంచి 118, నిద్రలో 58 నుంచి 90 అని ఉంది. మా పాపది ఏ గడిలోనూ ఇమడదు. ఆ రాత్రి తను పడుకున్నాక మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. 41 వచ్చింది. ఒక కొట్టుకూ ఇంకో కొట్టుకూ మధ్య ఎంత ఖాళీ అంటే, తర్వాతిది వస్తుందో రాదో అని నా గుండె దడదడలాడింది. ఇంట్లో మీరూ లెక్కపెట్టేట్టయితే చూపుడు వేలు, మధ్య వేలు ఆనించి చూడండి. బొటనవేలు వద్దు, దానికీ సొంత నాడి ఉంటుంది, అదే లెక్కలోకి వస్తుంది. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం కూడా వద్దు. ఊపిరి పీల్చినప్పుడు వేగం కాస్త పెరిగి, వదిలినప్పుడు తగ్గడం పిల్లల్లో మామూలే. నిమిషమంతా లెక్కపెడితేనే సరైన అంకె తెలుస్తుంది.

పిల్లల గుండె డాక్టరు అపాయింట్‌మెంట్ వెంటనే దొరకలేదు. మాకు ఆగే ఓపిక లేదు. ఒక పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఇక అక్కడ జరిగింది చెప్పాలి.

ఈసీజీ తీశారు. కాగితం పైన మిషనే ఇంగ్లీషులో ఒక లైను కొట్టింది: గుండె వేగం తక్కువ, ఈసీజీ అసాధారణం. డ్యూటీ డాక్టరు కుర్రవాడే. కాగితం చూశాడు, పాప చేతులు చూశాడు, నన్ను ఎగాదిగా చూశాడు. కర్టెన్ తీసే ఉంది. పక్క బెడ్ల వాళ్లు, వాళ్లతో వచ్చిన వాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. అంతమందిలో గట్టిగా అడిగాడు: "పాపకు తిండి పెడుతున్నారా, మేడమ్?"

నాకు నోట మాట రాలేదు. నేను తేరుకునేలోపే పాప వైపు తిరిగి, "లావవుతావని అమ్మ తిననివ్వదా? తిన్నాక బాత్రూంలోకి వెళ్లి కక్కేస్తావా?" అన్నాడు. పాపకు ఆ ప్రశ్న సరిగ్గా అర్థం కూడా కాలేదు. అందరూ తన వైపే చూస్తున్నారని మాత్రం అర్థమైంది. తల దించుకుని దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత ఇంట్లో బీపీ మాత్రలు ఎవరు వాడతారన్నాడు. అత్తయ్యగారు వాడతారని చెప్పాను. "ఎక్కడ పెడతారు? పాపకు అందేలా పెట్టారా? ఇన్ని ఉండాలని లెక్క చూసుకున్నారా?" ఒకదాని మీద ఒకటి. అత్తయ్యగారి మాత్రల డబ్బా ఆవిడ బీరువాలో, తాళంలో ఉంటుంది. ఆ మాటే చెప్పాను. సగం విని కేస్ షీట్లో ఏదో గీకాడు. అది నాకు తలకిందులుగానే కనిపించినా చదవగలిగాను: తల్లి చెప్పేది నమ్మదగినట్టు లేదు.

తల తీసేసినట్టయింది. పిల్ల పుట్టినప్పటి నుంచి ప్రతి టీకా చీటీ, ప్రతి జ్వరం మందుల చీటీ తేదీల వారీగా ఫైల్లో పెట్టుకున్నదాన్ని నేను. ఏడాది ఏడాదికీ ఎత్తు, బరువు రాసిన కార్డు ఆ ఫైల్లోనే, నా ఒళ్లోనే ఉంది. దాన్ని ఒక్కసారి అడిగి తిరగేసినా పాప సన్నగానే ఉన్నా తన గీత మీద తను పెరుగుతూనే వచ్చిందని తెలిసేది. అడగలేదు. పైగా సిస్టర్‌తో, పాప వింటుండగానే, "పేస్‌మేకర్ పెట్టాల్సిన కేసేమో, పెద్ద సార్‌కు ఫోన్ చెయ్యండి" అన్నాడు. గుండెను కొట్టించడానికి ఒంట్లో అమర్చే చిన్న మిషన్ అది. పాప నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, అది పెడితే ఈత కొట్టనివ్వరా?" అంది. అప్పటిదాకా మింగుకున్న ఏడుపు కాస్తా కోపమైపోయింది.

నేను లేచి నిలబడ్డాను. గొంతు పెంచలేదు. "పాపను ఏమైనా అడగాలంటే కర్టెన్ వేసి, విడిగా, నెమ్మదిగా అడగండి. నేను బయటికి వెళ్తాను. ఈ కార్డు చూడండి. చూశాక కూడా ఆ వాక్యం నిజమే అనిపిస్తే ఉంచండి, లేదంటే కొట్టేయండి" అన్నాను. చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. పెద్ద సిస్టరొకావిడ వచ్చి కర్టెన్ లాగింది, పాప పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడింది. కాసేపటికి బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి "ఏం లేదమ్మా, పిల్ల చక్కగా తింటోంది" అంది. ఆ డాక్టరు రాసింది కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. క్షమించమని మాత్రం అనలేదు.

ఆ ప్రశ్నలు అనవసరం అనడం లేదు నేను. తిండి మానేసి చిక్కిపోయే పిల్లల్లో గుండె వేగం పడిపోతుంది, అది ప్రమాదమే. పెద్దవాళ్లు బీపీకి వాడే, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర పిల్ల మింగినా వేగం తగ్గుతుంది. థైరాయిడ్ తక్కువైనా, రక్తంలో పొటాషియం బాగా పెరిగినా తగ్గుతుంది. ఇవన్నీ అడిగి తీరాలి. కానీ పన్నెండేళ్ల ఆడపిల్లను పదిమందిలో "కక్కేస్తావా" అని అడిగితే, నిజంగా ఆ కష్టంలో ఉన్న పిల్ల నోరు విప్పుతుందా? ఇంకా ముడుచుకుపోతుంది. తల్లిని దొంగలా నిలబెడితే రేపు ఆ తల్లి బిడ్డను ఆసుపత్రికి తేవడానికే జంకుతుంది. చదువుకున్నవాళ్లకు ఈ మాత్రం తెలియకపోతే ఎలా?

రక్తంలో పొటాషియం లాంటి లవణాలు (ఎలక్ట్రోలైట్లు), థైరాయిడ్ అన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆ రాత్రి మానిటర్ పెట్టి ఉంచుకుని పొద్దున పంపేశారు. వచ్చేటప్పుడు ఈసీజీ అసలు కాగితమే ఇమ్మని పట్టుబట్టి తెచ్చుకున్నాను. మీరూ అలాగే చేయండి. డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్కలో రాసే మాట చూసి తర్వాతి డాక్టరు ఏమీ చెప్పలేరు.

పిల్లల గుండె డాక్టరు ఆ కాగితం చేతిలోకి తీసుకుని మొట్టమొదట పెన్నుతో పై మూల చూపించారు. వయసు రాయాల్సిన చోట ఖాళీ. వయసు కొట్టకపోతే మిషన్ పెద్దవాళ్ల లెక్కనే చూస్తుందట. ఛాతీ మీద అంటించే మొదటి మూడు తీగల (లీడ్ల) గీతల్లో, టీ తరంగం అనే చివరి మెలిక తలకిందులుగా ఉండటం పిల్లల్లో మామూలేనట, మిషన్ దాన్నే అసాధారణం అనేసింది. ఆ తర్వాత ఒక్కొక్క గీత చూపిస్తూ చెప్పారు. పై గదుల నుంచి వచ్చే చిన్న బుడిపె, దాని వెంటే కింది గదుల పెద్ద ముల్లు. ప్రతి బుడిపెకూ ముల్లు ఉంది, మధ్య దూరం కూడా సరిగ్గానే ఉంది. అంటే సంకేతం ఎక్కడా ఆగడం లేదు. క్యూటీ అనే దూరం కొలిచారు, కింది గదులు ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయమట అది. ఈత కొడుతూ స్పృహ తప్పిందా, మీ రెండు వైపులా చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా అని అడిగారు. క్యూటీ పొడవయ్యే ఒక జబ్బు నీళ్లలో ఉండగా బయటపడుతుందని, అందుకే ఈతగాళ్లను తప్పకుండా అడుగుతామని చెప్పారు. అంతా అయ్యాక పాపను నిలబడ్డ చోటే పరుగెత్తించి మళ్లీ చూశారు. 50 ఉన్నది నిమిషం తిరక్కుండానే 120కి ఎక్కింది. "చూశారామ్మా, అడిగినప్పుడు ఇస్తోంది" అన్నారాయన.

ఏళ్ల తరబడి సాధన చేసిన గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోస్తుంది. ఊరికే ఉన్నప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం దాన్ని నెమ్మదిగా నడిపిస్తుంది. ఆయన చెప్పిన ఈ రెండు ముక్కలతో నాకు సగం భారం దిగింది.

గుండెకు చేసే స్కాన్, ఎకో, మామూలుగానే ఉంది. ట్రెడ్‌మిల్ మీద 190 దాటింది, మధ్యలో ఏ తేడా రాలేదు. ఒంటికి తగిలించి రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే చిన్న మిషన్, హోల్టర్‌తో ఇబ్బంది స్టిక్కర్ల దురద ఒక్కటే. అది పెట్టిన 24 గంటలూ స్నానం, ఈత కుదరవు. ఏ టైముకు ఏం చేసిందో కాగితం మీద రాసిపెట్టాలి, దాన్ని బద్ధకించకండి. మా పాప మెట్లెక్కి పరుగెత్తిన టైము, నిద్రపోయిన టైము రాసి ఉండబట్టే రిపోర్టు చదవడం తేలికైంది. నిద్రలో అతి తక్కువ 37. తెల్లవారుజామున ఒకటి రెండు చోట్ల ఒక కొట్టు జారిపోయింది. రిపోర్టులో దాన్ని "రెండో డిగ్రీ బ్లాక్, మొదటి రకం" అని రాశారు. ఆ మాట చూసి మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. వెంకెబాక్ అంటారట దాన్ని. గాఢనిద్రలో, ముఖ్యంగా సాధన చేసే పిల్లల్లో కనిపిస్తుందని, మెలకువలో, పరుగులో లేకపోతే భయం లేదని డాక్టరు గారు చెప్పారు. ఇలాంటి రిపోర్టు చేతికొస్తే ఇంట్లో కూర్చుని ఒక్కో పదం వెతక్కండి, రాసిన వాళ్ల దగ్గరికే వెళ్లి కూర్చోండి.

అయితే మా పాప సంగతి చదివి పసిబిడ్డల విషయంలో ధైర్యం చెప్పుకోవద్దు. నెలల బిడ్డకు 60 కంటే తక్కువకు పడి, బిడ్డ డీలా పడితే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. పెద్ద పిల్లలైనా ఆటలో స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి అన్నా, పాలిపోయి చెమటలు పట్టినా వెంటనే పరుగెత్తాలి. ఇంట్లో ఎవరిదో స్మార్ట్ వాచీ పిల్ల చేతికి కట్టి అది చూపించే అంకెతో ధైర్యమో భయమో తెచ్చుకోకండి. అవి పిల్లల కోసం చేసినవి కావు.

పాపకు ఈత ఆపనక్కర్లేదని డాక్టరు గారు స్కూలుకు ఉత్తరం రాసిచ్చారు. విశ్రాంతిలో 50 లోపు ఉండటం ఈ పాపకు సహజమని కూడా అందులో ఉంది, రేపు ఇంకెక్కడైనా ఎవరైనా కంగారు పెడితే చూపించడానికి. ఏడాది తర్వాత ఒకసారి ఈసీజీ, హోల్టర్ మళ్లీ చూద్దామన్నారు. ఆ ఎమర్జెన్సీలో జరిగిందంతా తేదీ, టైముతో సహా రాసి ఆసుపత్రి సూపరింటెండెంట్ ఆఫీసులో ఇచ్చి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకుని తెచ్చుకున్నాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.