నా ఓటు బెంగళూరు చేరిన వైనం

2022 సెప్టెంబర్ మొదటి వారంలో బెంగళూరులో ఉన్నవాళ్లకు ఆ వాన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది, జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. మారతహళ్లి పక్కన మున్నేకొలాలలో మేముండే వీధిలో మోకాలి లోతు మురుగు. కింద వాటాలో ఉండే ఓనరమ్మ బియ్యం డ్రమ్మునూ, మంచాన్నీ మా ఇంట్లోకి చేర్చాం.

ఆ రెండు రోజులూ ఫోన్ కింద పెట్టలేదు. వీడియోలు తీసి పెట్టాను. ఫిర్యాదుల యాప్‌లో ఫొటోలు ఎక్కించాను. మా వీధి వాట్సాప్ గ్రూపులో నూట ముప్పై మంది ఉంటే, వెంటపడి చాలామంది చేత ఫిర్యాదు పెట్టించాను. మూడో రోజు పొద్దున 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది. నీళ్లు మెట్ల దగ్గర అలాగే ఉన్నాయి.

కార్పొరేటర్‌ను అడుగుదామంటే కార్పొరేటరే లేడు. నగరపాలక మండలి గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది, అప్పటికి మళ్లీ ఎన్నికలు జరగలేదు. మిగిలిన నాయకుల దగ్గరికి పదిమందిమి కలిసి వెళ్దామన్నాను. ఓనరమ్మది ఈ ఊరే. ఇంట్లో కన్నడ కలిసిన తెలుగు మాట్లాడతారు. ఆవిడ ఒకే మాట అడిగారు: "పొయ్యేది పోదాం గానీ, మీ గ్రూపులో ఈడ ఓటుండేది ఎంతమందికమ్మా?"

గ్రూపులో అడిగి చూశాను. పద్నాలుగు మంది ఉన్నామన్నారు. వాళ్లలో నేను లేను. నా ఓటు కందుకూరు దగ్గర మా ఊళ్లో ఉంది. ఎనిమిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నా, 2019 ఏప్రిల్ 11న కూడా రాత్రి బస్సెక్కి వెళ్లి ఊళ్లోనే ఓటేసి వచ్చాను. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రోజు మెట్ల మీద నిలబడి ఆ మురుగు చూస్తుంటే, నేను పెట్టిన వీడియోలన్నీ ఈ ఊరి లెక్కలో లేని మనిషి గొంతులా అనిపించాయి.

ఓటు మార్చుకుంటానని నాన్నకు ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. "పెళ్లయ్యాక రేషన్ కార్డులోంచి పేరు పోయింది. ఇప్పుడు ఓటు కూడా తీసేస్తే నీకు ఊరితో ఏం మిగులుద్దమ్మా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. "నీళ్లు ఇక్కడ వస్తున్నాయి నాన్నా" అన్నాను, అంతే.

రెండు చోట్లా ఉంచుకో, ఎవరు చూస్తారు అని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. అది కుదరదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక నియోజకవర్గంలోనే ఉండాలి. దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఇంటర్నెట్‌లో పాత వీడియోలు చూసినవాళ్లు ఇల్లు మారితే ఫారం 6 నింపాలనుకుంటారు. ఒకప్పుడు అంతే. 2022 ఆగస్టు 1 నుంచి ఫారం 6 కొత్త ఓటర్లకు మాత్రమే. ఇల్లు మారినా, నియోజకవర్గం మారినా ఫారం 8. మా ఎదురింటి కుర్రాడు ఫారం 6 పెట్టి రెండు కార్డులు తెచ్చుకుని, ఒకటి తీయించుకోవడానికి మళ్లీ తిరిగాడు. ఫారం 8లో పాత ఎపిక్ నంబరే (ఓటరు కార్డు మీదుండే నంబరు) కొనసాగుతుంది, ఊళ్లో పేరు దానంతటదే తొలగిపోతుంది.

అక్టోబర్‌లో ఓటర్ హెల్ప్‌లైన్ యాప్‌లో దరఖాస్తు పెట్టాను. ఎపిక్ నంబర్ కొడితే నా వివరాలు వచ్చాయి. ఇల్లు మారడం, తప్పులు దిద్దుకోవడం, కార్డు మళ్లీ తీసుకోవడం, వైకల్యం నమోదు అని నాలుగు దారులు చూపించింది. మొదటిది ఎంచుకుని, కొత్త చిరునామా కింద మహదేవపుర నియోజకవర్గం పెట్టి, అద్దె అగ్రిమెంట్ ఎక్కించాను. పావుగంటలో రిఫరెన్స్ నంబర్ వచ్చింది. అంత తేలికగా అయిపోయిందని సంతోషపడ్డాను.

మూడు వారాల తర్వాత స్టేటస్ చూస్తే 'రిజెక్టెడ్'.

ఎందుకో అర్థం కాలేదు. నాకు చాలా టెన్షన్ పట్టుకుంది, ఊళ్లో పేరు కూడా పోయిందేమోనని. వెంటనే వెతికాను, ఊళ్లో ఉంది. ఎన్నికల సంఘం సైట్‌లోనే మా బూత్ లెవెల్ ఆఫీసర్, అంటే మా పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా చూసుకునే మనిషి నంబర్ దొరికింది. ఆమె అంగన్‌వాడీ టీచర్. నా కన్నడ ఆమెకూ, ఆమె కన్నడ నాకూ సగం సగం అర్థమయ్యాయి, కానీ విషయం ఓపిగ్గా చెప్పారు. అద్దె ఒప్పందం చెల్లాలంటే అది రిజిస్టర్ అయి ఉండాలి. బెంగళూరులో అద్దెకుండేవాళ్లలో ఎక్కువమంది పదకొండు నెలలకే రాసుకుంటారు, ఎందుకంటే ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంటే మాలాంటివాళ్ల చేతిలో ఉండే కాగితం ఈ పనికి పనికిరాదు. ఆధార్, పాస్‌పోర్టు, ఏడాదిగా ఆ చిరునామాకు వస్తున్న కరెంటు, నీళ్లు లేదా గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్, వీటిలో ఏదైనా సరిపోతుంది. నా పేరు మీదే ఉండక్కర్లేదు, భర్త పేరున ఉన్నా చాలు. నా ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామానే ఉంది. మావారి బ్యాంకు ఖాతాలో అడ్రస్ మార్పించి, కొత్త పాస్‌బుక్ వేయించుకుని, డిసెంబర్‌లో మళ్లీ పెట్టాను.

ఈసారి ఆమె ఇంటికే వచ్చారు. నేను ఆఫీసులో ఉన్నాను. ఓనరమ్మ గేటు దగ్గరే నిలబెట్టి, "ఈడే ఉంటారు, ఎనిమిదేండ్లాయె" అని సాక్ష్యం చెప్పారట. అద్దెకున్నవాళ్లు తమ ఇంటి నంబరు మీద ఓటు తీసుకోవడం కొంతమంది ఓనర్లకు నచ్చదు. ఈవిడ అలా అనుకోకపోవడం నాకు చాలా పెద్ద విషయం. యాప్ ఎంత బాగున్నా, చివరికి నేను ఇక్కడే ఉంటున్నానని ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పాల్సి వచ్చింది. అది సరైనదేనని నా నమ్మకం.

ఫిబ్రవరిలో నా పేరు వచ్చింది. ఎపిక్ నంబర్‌తో వెతికితే ఒక్క క్షణంలో కనబడుతుంది గానీ, నాకు వీధి మొత్తం జాబితా చూడాలనిపించింది. దించుకుంటే అది బొమ్మలా ఉండే పీడీఎఫ్, అక్షరాలతో వెతకడం కుదరదు. పేజీలు తిప్పుకుంటూ పోవాల్సిందే. కన్నడ లిపి మనకు మరీ కొత్త కాదు, తలకట్టు తేడా పట్టేస్తే చాలావరకు చదవొచ్చు. నా పేరు కన్నడ అక్షరాల్లో, మా ఇంటి నంబరు ఎదురుగా కనబడగానే స్క్రీన్‌షాట్ తీసి నాన్నకు పంపాను.

ఆ తర్వాత గ్రూపులోవాళ్లం ప్రతి ఆదివారం సాయంత్రం గంటసేపు మా డాబా మీద కూర్చున్నాం. ఎవరికి ఏ కాగితం ఉందో చూసి ఫారం 8 నింపించడం, స్టేటస్ చూడటం, ఆగిపోతే ఫోన్ చేయడం, ఇదే పని. 2023లో కర్ణాటక అసెంబ్లీ ఎన్నికలు రాబోతున్నాయి; నామినేషన్ల గడువు దగ్గర పడితే కొత్త దరఖాస్తులు ఆ ఎన్నికకు అక్కరకు రావు కాబట్టి మార్చిలోనే తొందరపెట్టాను. పద్నాలుగు కాస్తా యాభై ఎనిమిది అయింది. కొందరు ఊరి ఓటు వదులుకోలేమన్నారు, వాళ్లను బలవంతపెట్టలేదు.

మే 10న పోలింగ్. అంతకు రెండు వారాల ముందు, ఎనిమిదేళ్లలో మొదటిసారి, ప్రచారానికి వచ్చినవాళ్లు మా మూడో అంతస్తు దాకా ఎక్కి తలుపు కొట్టారు. చేతిలో ఓటర్ల జాబితా ఉంది, అందులో నా పేరు మీద వేలు పెట్టి "మీరేనా మేడమ్?" అని అడిగారు. లోపలికి రమ్మని కూర్చోబెట్టి, వర్షం రోజు ఫొటోలు చూపించాను. కాలువ ఎక్కడ పూడిందో, ఎక్కడ గోడ కట్టారో రాసుకుని వెళ్లారు. అదే ఫొటోలను సెప్టెంబర్‌లో యాప్ తీసుకుంది గానీ, వాటి గురించి నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

అభ్యర్థుల అఫిడవిట్లు కూడా ఫోన్‌లోనే చదివాను. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు చెప్పి తీరాలన్నది 2002లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన హక్కు. ఎన్నికల సంఘం వాటిని అందరూ చూసేలా నెట్‌లో పెడుతుంది. ఓనరమ్మకు ఒక్కొక్కరివీ చదివి వినిపించాను. ఆవిడ చాలా ప్రశ్నలు వేశారు.

ఆ నెలలోనే నాన్న ఫోన్ చేసి, ఊరి జాబితాలో నాయనమ్మ పేరు ఉందేమో చూడమన్నారు. ఆమె పోయి మూడేళ్లయింది. పేరు ఉంది. పేరు తీయించడానికి నాన్న పేరున ఫారం 7 నింపి, మరణ ధ్రువీకరణ పత్రం జత చేసి పంపాను. నాన్న ఫోన్‌లో ఆమె ఎపిక్ నంబర్ ఒక్కో అక్షరం నెమ్మదిగా చదివారు.

2025 సెప్టెంబర్‌లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీశారు. మాది తూర్పు కార్పొరేషన్‌లోకి వెళ్లింది. కొత్త హద్దుల్లో మా వీధి ఏ వార్డులో పడిందో ఓనరమ్మా నేనూ ఫోన్‌లో మ్యాప్ పెద్దది చేసుకుని వెతికాం. కాలువకు అవతలి వైపు కూడా అదే వార్డా కాదా అని ఆవిడ రెండుసార్లు అడిగారు.