జలములలో బడి దాటునప్పుడు

మా అత్తయ్య బైబిల్‌కి అంచులు ఎర్రరంగు. మీలో చాలామంది ఇళ్ళలో అలాంటిదే ఉండి ఉంటుంది. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు వాగు నీళ్ళు మా సింగ్‌నగర్ ఇంట్లోంచి తీశాక, బురదలో దొరికిన ఆ బైబిల్ తెరిస్తే అంచుల ఎరుపంతా పేజీల్లోకి దిగిపోయి ఉంది. కాగితాలు అప్పడాల కట్టలా అతుక్కుపోయాయి. నేను, అత్తయ్య డాబా మీద ఎండలో కూర్చుని ఒక్కో కాగితం విడదీసి, మధ్యమధ్య పొడి లైనింగ్ గుడ్డ ముక్కలు పెట్టాం. యెషయా గ్రంథం దగ్గరికి వచ్చేసరికి నా చేతులు ఆగాయి. 43వ అధ్యాయం, రెండో వచనం. "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడైయుందును, నదులలో బడి వెళ్లునప్పుడు అవి నీమీద పొర్లిపారవు."

నాకు దుఃఖం ఆగలేదు. "మన మీద పొర్లి పారాయి కదా అత్తయ్యా" అన్నాను.

ఆ నీళ్ళు వచ్చింది ఆదివారం, సెప్టెంబరు 1న. ఆరాధనకు వెళ్దామని చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. తెల్లారేసరికి గుమ్మంలో ఉన్న నీళ్ళు చూస్తుండగానే నడుము దాటాయి. మా బతుకుదెరువైన రెండు కుట్టుమిషన్లు, జనం నమ్మి ఇచ్చిన బట్టలు అన్నీ కింద గదిలోనే ఉండిపోయాయి. మేం డాబా ఎక్కాం. అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోందని ఫోన్లో విన్నాం, ఆ తర్వాత ఛార్జింగ్ అయిపోయింది. బుడమేరుకి పడిన గండ్లు సైన్యం వాళ్ళు కూడా వచ్చి పూడ్చేసరికి వారం పట్టింది.

రెండో రోజు సాయంత్రం పడవలో మా చర్చి సంఘం కుర్రాడు ఒకతను వచ్చాడు. చేతిలో పాలిథిన్ కవరులో చుట్టిన కాగితం, దాని మీద మా వైపు కుటుంబాల పేర్లు. కింద నుంచి అత్తయ్యని పేరుపెట్టి పిలిచాడు. మా వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆమెని మామ్మగారనే అంటారు. ఆ పేరు ఎవరైనా బయటికి అనగా నేను విని ఎన్నేళ్ళయిందో! ఆవిడ పిట్టగోడ పట్టుకుని "ఉన్నాను బాబూ, ఉన్నాను" అని ఏడ్చేసింది.

అందుకే నేను డాబా మీద ఆ మాట అడిగినప్పుడు ఆవిడ జవాబు చెప్పలేదు. "పై వచనం నుంచి చదువమ్మాయ్" అంది. చదివాను. "భయపడకుము... పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు."

ఆ వచనం పక్కన మార్జిన్‌లో వెలిసిపోయిన సిరాతో ఒక తేదీ ఉంది. 19-11-1977. దివిసీమ ఉప్పెన. అత్తయ్య పుట్టిల్లు అక్కడే. అప్పటికి ఆవిడకి పదిహేనేళ్ళు. వేలమందిని మింగిన ఆ రాత్రి ఆవిడ తమ్ముడూ పోయాడు. తమ్ముణ్ణి నీళ్ళకి పోగొట్టుకున్న మనిషి "అవి నీమీద పొర్లిపారవు" అన్న మాట పక్కనే ఆ తేదీ రాసుకుంది. నాకు అది ఎన్నాళ్ళు తలచుకున్నా ఆశ్చర్యమే.

"విశ్వాసం గట్టిగా ఉంటే నష్టం రాదు" అని చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు అంటుంటారు. దయచేసి అలా చెప్పకండి. అది విన్నవాళ్ళు, నష్టపోయింది తమ విశ్వాసలోపం వల్లేనని ఇంటికెళ్ళి కుమిలిపోతారు. యెషయాలోని ఆ మాట దేవుడు ఎవరితో అన్నాడో చూడండి. యెరూషలేము కూలిపోయి, మందిరం కాలిపోయి, బబులోనులో పరాయివాళ్ళ మధ్య పడి ఉన్న జనంతో. వాళ్ళకి నష్టం అప్పటికే జరిగిపోయింది. "జలములలో బడి" అనే మాట మనం రోజూ వాడేదే. చేలల్లో పడి వెళ్ళాం అంటే చేల మధ్యగుండా నడిచి వెళ్ళామని. నీళ్ళ పక్కనుంచి తప్పించి తీసుకెళ్తానని ఆయన అనలేదు. ఆ నీళ్ళలోనే తోడు ఉంటానన్నాడు. నా ఇల్లు మునిగింది, నిజమే. నేను ఆయన సొత్తు కాకుండా మాత్రం పోలేదు.

ఇది అప్పుడే అర్థమైందని అబద్ధం చెప్పను. డ్వాక్రా వాయిదాలు, పాడైన బట్టలకి జనానికి కట్టాల్సిన డబ్బులు, ఈ టెన్షన్‌లో నెలల తరబడి నా నోట ప్రార్థన రాలేదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో అత్తయ్య ప్రార్థించేది, నేను "ఆమేన్" అనేదాన్ని, అంతే. కొన్ని రాత్రులు అదీ పైపైనే. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. నా పేరు చెప్పి, నా మిషన్ల గురించి అడిగి, పడుకునేది. నా విశ్వాసం తడిసి ముద్దయిన ఆ నెలల్లో నేను ఆవిడ విశ్వాసం మీదే నిలబడ్డాను. సంఘం అంటే ఇదేనేమో అనిపిస్తుంది.

ఫిబ్రవరిలో ఒక మిషన్ బాగుపడింది. మొదటి జాకెట్టు కుట్టిన రోజు రాత్రి అత్తయ్య బైబిల్ నా ముందు పెట్టి పెన్ను ఇచ్చింది. "నాకు కళ్ళు ఆనడం లేదు, నువ్వే రాయి" అంది. పాత తేదీ కింద 1-9-2024 అని రాశాను. నీళ్ళు తాగిన కాగితం కదా, సిరా చుట్టూ పాకింది. అయినా అంకెలు కనబడుతున్నాయి.